డ్రైవరుకి రెప్పలెందుకండీ?

ఏమండోయ్, లారీ డ్రైవరు మొహం మీదికి కెమెరా తిప్పిన పెద్దమనుషులారా! దాన్ని తయారు చేసినవాడు, కొన్నవాడు, కొనకపోతే ప్రీమియం పెంచేస్తానని గుడ్లురిమిన ఇన్సూరెన్సువాడు, ముగ్గురూ లేచి నిలబడండి! మీరు చేసిన పనేమిటో మీకు తెలుస్తోందా?

డ్రైవర్లకి కూడా రెప్పలున్నాయని కనిపెట్టారు!

తిడతాననుకున్నారా? ఛ! దండం పెట్టడానికి నిలబెట్టాను. ఇన్నేళ్ళూ ఈ ఘోరాన్ని పట్టించుకున్న నాథుడే లేడు. లెక్క మీరే చూడండి. మనిషి నిమిషానికి పదిహేనుసార్లు రెప్ప వేస్తాడు. ఒక్కో రెప్పపాటుకి సెకనులో మూడో వంతు. పది గంటలు బండి నడిపితే తొమ్మిది వేల రెప్పపాట్లు. అంటే యాభై నిమిషాలు కళ్ళు మూసుకుని నడిపినట్టు! గంటకి వంద కిలోమీటర్ల చొప్పున ఎనభై మూడు కిలోమీటర్లు! విన్నిపెగ్‌లో కళ్ళు మూసుకుని పోర్టేజ్ లా ప్రెయిరీలో తెరిచినట్టు!

పోలీసులెక్కడ? పార్లమెంటు ఏం చేస్తోంది?

దేవుడు చేపకి రెప్పలివ్వలేదు. చేప ఎప్పుడైనా లారీని కాలవలోకి తోలిందా? తోలలేదు కదా! మరి డ్రైవరుకి రెప్పలెందుకు?

కాబట్టి ఆ కెమెరా వరం. ఆ వరం ఎంత చల్లగా పనిచేస్తుందో తెలియాలంటే వెర్నా రైమర్ సంగతి వినాలి.

వెర్నాది విన్నిపెగ్ పక్కనున్న స్టైన్‌బాక్ అనే చిన్న ఊరు. వయసు యాభై ఎనిమిది. బ్లూ లాంతర్ ట్రాన్స్‌పోర్టులో పద్దెనిమిది చక్రాల బండి నడుపుతుంది. లోడు కిటికీ అద్దాలు. స్టైన్‌బాక్ నుంచి రెజైనాకి, రెజైనా నుంచి ఇంటికి, వారానికి మూడు ట్రిప్పులు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు. ఈ ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్క అద్దం పగల్లేదు. ఆమె బండి ఎక్కాక గేరు మారిన చప్పుడు అద్దాలకి కూడా వినపడదని యార్డులో అనుకుంటారు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే, "సీటు పక్కన ఇంకో సీటే లేదు, ఎక్కడ కూర్చోబెట్టను?" అంటుంది. ఆ సీటే ఆమె ఇల్లు, వాకిలి.

ఆమెకి ఉన్న చెడ్డ అలవాటల్లా ఒకటే. రెప్పలు.

నాలుగేళ్ళ క్రితం మొదలైంది. పొద్దున లేచేసరికి రెండు రెప్పలూ అతుక్కుపోయి ఉంటాయి. వెంట్రుకల మొదళ్ళలో పొట్టు, పుసి. గోరువెచ్చని తడిగుడ్డ పెట్టి, నానబెట్టి, ఆవిరి మీద ఉత్తరం కవరు విప్పినట్టు ముందు ఒక కన్ను, తర్వాత ఒక కన్ను మెల్లగా విప్పుకోవాలి. విప్పాక మంట. పగలంతా ఎవరో గుప్పెడు ఇసుక కొట్టినట్టు గరగర. రెప్పల అంచులు ఎర్రగా వాచి బరువుగా కిందికి వాలిపోతాయి. ఇంకో విడ్డూరం, కళ్ళు ఎండిపోయాయని డాక్టరు అంటుంటే ఆ ఎండిన కళ్ళలోంచే చెంపల మీదికి నీళ్ళు!

డాక్టరమ్మ పేరు సల్వసియోన్. మనీలా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళోనే ఉంటోంది. వెర్నా రెప్పని వేలితో తిరగేసి చూసి, "నీ చూపు బంగారం వెర్నా. రోగం కంటిది కాదు, రెప్పది. రెప్ప అంచున నూనె ఊరే సందులుంటాయి. అవి పూడుకుపోయాయి. కన్నీటి మీద ఆ నూనె పొర లేకపోతే నీళ్ళు నిలవవు, ఆవిరైపోతాయి" అంది.

"ఎప్పటికి తగ్గుతుంది?"

"నువ్వు పళ్ళు తోముకోవడం ఎప్పటికి అయిపోతుంది?"

"అది అయిపోయేదేముంది, రోజూ ఉండేదే కదా!"

"ఇదీ అంతే."

వెర్నా నవ్వేసింది. "సరే, తోముతాను. ఎలా తోమాలో చెప్పు తల్లీ."

డాక్టరమ్మ చెప్పింది. పూటకి పది నిమిషాలు రెప్పల మీద వెచ్చటి కాపడం. తర్వాత వేలితో అంచుల వెంబడి మెత్తగా నొక్కి, తడి దూదితో తుడవడం. రోజుకి నాలుగైదుసార్లు చుక్కల మందు. హీటరు గాలి మొహానికి కొట్టకుండా తిప్పుకోవడం. అన్నిటికన్నా ముఖ్యం రెప్ప వేయడం. "రోడ్డు చూసేవాళ్ళు సగం రెప్పే వేస్తారు. సగం మూసిన తలుపు చలినాపుతుందా? నిండుగా వెయ్యి. మాటిమాటికీ వెయ్యి. బండి ఆగినప్పుడల్లా కాసేపు కళ్ళు మూసుకుని కూర్చో."

మందుచీటీలో రెప్ప వేయమని రాసి ఇచ్చిన ఆ వారమే బ్లూ లాంతర్‌వాళ్ళు బళ్ళన్నిటికీ కెమెరాలు బిగించారు. చూశారా దైవలీల!

సిగరెట్టు పెట్టెంత కెమెరా. డాష్‌బోర్డు మీద కూర్చుని డ్రైవరు కళ్ళలోకి చూస్తూ ఉంటుంది. ఇంజను ఆన్‌లో ఉన్నంతసేపూ చూస్తుంది. రెప్ప ఎక్కువసార్లు పడినా, నిండుగా పడినా, కాస్త వాలినా, "మీరు అలసిపోయినట్టు కనిపిస్తున్నారు" అని తీయగా ఒక ఆడగొంతు. సీటు గజగజ వణుకుతుంది. ఆ ముక్క వీడియో ఆఫీసుకి పోతుంది. నూరు మార్కుల స్కోరులోంచి కోత పడుతుంది. రెప్ప కదలకుండా నడిపితే ఒక్కో మార్కే తిరిగి కలుస్తుంది. అరవై కిందికి దిగితే బండి తాళాలు ఆఫీసులో ఇచ్చేసి ఇంటికెళ్ళాలి.

డ్రైవర్లు దానికి 'సంఘపెద్ద' అని పేరు పెట్టారు. చర్చిలో ప్రసంగం జరుగుతుంటే ఎవరు కునుకుతున్నారా అని వెనక వరసలోంచి చూస్తూ ఉంటాడే, ఆయన! హార్వే లఫ్రెనియేర్ అనే డ్రైవరు పొద్దుతిరుగుడు గింజలు నములుతుంటే ఆవలింతలనుకుని పదకొండు మార్కులు కోసింది. ఆ రోజు నుంచి హార్వే గింజలు చప్పరిస్తున్నాడు. పళ్ళు మిగిలాయి. చెప్పండి, ఇదో వరం కాదా?

వెర్నాకి మొదటి రోజు బ్రాండన్ చేరేలోపు సీటు పద్నాలుగుసార్లు వణికింది. బ్రాండన్‌లో బండి ఆపగానే ఫోను.

ఫోను చేసింది ట్రెవర్ ఫ్రీసెన్. కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. స్టైన్‌బాక్‌లో ఏ ఇద్దరు కలిసినా మూడో మాటకల్లా వరస తేలిపోతుంది. ట్రెవర్‌కి వెర్నా వరసకి మేనత్త.

"అత్తా, రాత్రి నిద్రపోలేదా?"

"శుభ్రంగా ఎనిమిది గంటలు పడుకున్నానురా. నా గురకకి పక్కింటి కుక్క మొరిగింది, కావాలంటే దాన్నడుగు."

"మరి కెమెరా నువ్వు పద్నాలుగుసార్లు నిద్రపోయావంటోంది!"

"నిద్రపోతే స్టైన్‌బాక్ నుంచి బ్రాండన్‌కి బండి ఎవరు తోలారురా, మీ తాతా?"

ఊరికి తిరిగొచ్చాక వెర్నా డాక్టరమ్మ చేత ఉత్తరం రాయించి తెచ్చి ట్రెవర్ బల్ల మీద పెట్టింది. వాడు మంచివాడే, ఆ మాట చెప్పాలి. ఉత్తరం రెండుసార్లు చదివాడు. "అయ్యో అత్తా" అన్నాడు. జాగ్రత్తగా ఫైల్లో పెట్టాడు.

"ఫైల్లో పెడితే కెమెరా చదువుతుందా?"

"కెమెరాకి చదవడం రాదత్తా."

"నువ్వు చదివావుగా?"

"చదివాను. కానీ స్కోరు వేసేది నేను కాదుగా!"

"ఎవరు వేస్తారు?"

"కెమెరా!"

ఆహా! ఎంత బాగా కట్టారండీ ఈ ఏర్పాటు! చదవడం వచ్చినవాడి చేతిలో స్కోరు లేదు. స్కోరు వేసేదానికి చదవడం రాదు. ఇంతకన్నా నిష్పక్షపాతం ఎక్కడ దొరుకుతుంది?

వెర్నా ఏ పనినైనా పట్టుదలగా నేర్చుకునే మనిషి. రెప్ప వేయకపోవడం కూడా నేర్చుకుంది. కెమెరా వంక కోడిపుంజులా చూస్తూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు గడిపేది. కళ్ళు భగ్గుమనేవి. నల్లకళ్ళద్దాలు పెట్టి చూసింది. "డ్రైవరు మొహం కనబడుటలేదు" అంది ఆడగొంతు, నాలుగు మార్కులు కోత. బండి పక్కకి తీసి, తల వెనక్కి వాల్చి చుక్కల మందు వేసుకుంది. "దృష్టి రోడ్డు మీద లేదు" అంది. నిలబడి ఉన్న బండికి రోడ్డు మీద దృష్టేమిటని అడిగేవాళ్ళకి ఒకటే చెబుతాను, భక్తి అంటే అలాగే ఉండాలి!

జనవరిలో వర్డెన్ దాటాక ఒక సాయంత్రం జరిగింది అసలు సంగతి. ఆ రోజు స్కోరు డెబ్భై ఒకటి. ఇంకేం పోకూడదని వెర్నా రెప్పలు బిగబట్టి కూర్చుంది. ముందు మంట, ఆ తర్వాత నీళ్ళు. అద్దం మీద వాన పడ్డట్టు రోడ్డు కరిగిపోయింది. తెల్లగీత రెండయింది, నాలుగయింది, ఆ తర్వాత లేదు. ఆ మసకలో ఏదో గోధుమరంగు కదిలింది. లేడి! చేతులకి ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా తెలిసిన పని చేతులే చేశాయి. బండి ఊగి నిలదొక్కుకుంది. లేడి బతికింది. వెనక అద్దాలు ఒక్కసారి గలగలమని ఊరుకున్నాయి. ఆ చప్పుడు ఆమె తన జన్మలో మొదటిసారి వింది.

అప్పుడు ఆడగొంతు పలికింది. "అభినందనలు! ముప్ఫై నిమిషాలుగా మీ ఏకాగ్రత అద్భుతం." తెర మీద పచ్చ నక్షత్రం. ఒక మార్కు కలిసింది.

ఏమీ కనబడని ఆ అరగంటకి నక్షత్రం! అంతకుముందు శుభ్రంగా కనబడిన రోజులన్నిటికీ కోత!

వెర్నా బండి పక్కకి తీసి కళ్ళు తుడుచుకుంది. ఇంత జరిగినా సీటు వణకడంలేదు. "చాలు. డాక్టరమ్మ చెప్పినట్టే చేస్తాను. స్కోరు పోతే పోనీ. నేను మనుషుల్ని చంపడానికి రాలేదు రోడ్డు మీదికి" అని పైకే అనుకుంది.

ఆ రోజు నుంచి ప్రతి ట్రిప్పులోనూ పోతూ రెండుచోట్ల, వస్తూ రెండుచోట్ల ఆగేది. బయట మైనస్ ముప్ఫై. ఆ చలిలో ఇంజను ఆపితే మళ్ళీ రాజుకోదు, కాబట్టి ఆపరు. ఇంజను ఆన్‌లో ఉంటే సంఘపెద్దా మేలుకునే ఉంటాడు. కాపడానికి ఏం పెట్టాలి? లారీలో వేడినీళ్ళెక్కడివి? సిగరెట్ లైటరు సందులో గుచ్చే చిన్న పొయ్యిపెట్టె ఉంది, డ్రైవర్లందరూ అందులోనే తిండి వేడి చేసుకుంటారు. వెర్నా తిండి వెరెనికె. పాలవిరుగుడు కూరి ఉడికించిన పిండి బుట్టలు, మన కజ్జికాయల ఆకారంలో ఉంటాయి. అరచేతిలో ఇమిడేంత, చక్కగా కంటిగుంటలో ఒదిగేంత. వేడి పది నిమిషాలు నిలుస్తుంది. శుభ్రమైన చేతిరుమాలులో చుట్టి రెండు కళ్ళ మీదా చెరొకటి పెట్టుకుని వెనక్కి వాలింది. అబ్బ! నాలుగేళ్ళలో మొదటిసారి ప్రాణం లేచొచ్చింది.

ఫోను మోగింది.

"అత్తా, కెమెరాలో నీకు కళ్ళు లేవు!"

"ఉన్నాయిరా, కింద ఉన్నాయి."

"పైన ఉన్నవేమిటి?"

"వెరెనికె."

"గ్రేవీతోనా?"

"ట్రెవర్! నీకు సిగ్గుందా?"

"కాదత్తా, రిపోర్టులో కారణం రాయాలి. కాలమ్ ఉంది."

"కాపడం అని రాయి."

"కాపడం అని లేదు. నిద్ర, ఫోను, పొగ, ఇతర ప్రయాణికుడు, ఈ నాలుగే ఉన్నాయి."

ఆఖరికి ట్రెవర్ వెరెనికెని 'ఇతర ప్రయాణికుడు' కింద రాశాడు. అనుమతి లేని ఇద్దరు ప్రయాణికుల్ని ఎక్కించుకున్నందుకు ఆరు మార్కులు కోత!

కాపడం అయ్యాక ఆ ప్రయాణికుల్ని తినాలి కదా! వెర్నా దైవభక్తి ఉన్న ఇంట పుట్టిన మనిషి. ముద్ద నోట్లో పెట్టే ముందు తల వంచి, కళ్ళు మూసుకుని, పెదవి కదపకుండా దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం ఆమె జనానికి తరతరాల అలవాటు. గట్టిగా చదవరు. ఎంతసేపంటే, బల్ల చివర కూర్చున్న పెద్దవాళ్ళు గొంతు సవరించుకునేదాకా. లారీలో ఒక్కతే కాబట్టి తనే గొంతు సవరించుకుంటుంది. సంఘపెద్దకి అదంతా అర్థం కాలేదు. తల వాలింది, కళ్ళు మూతపడ్డాయి, నలభై సెకన్లు. "గాఢనిద్ర!"

స్కోరు అరవై రెండు.

ఈసారి ట్రెవర్ స్వయంగా యార్డుకి వచ్చాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అత్తా, నాదొక మాట వింటావా? కళ్ళు తెరిచి ప్రార్థన చెయ్యి."

"ఏమన్నావ్?"

"దేవుడు ఎలా చేసినా వింటాడుగా!"

"ఆయన వింటాడురా. నేను నీ సంగతి అడుగుతున్నా. నువ్వెప్పుడు వింటావ్?"

ట్రెవర్ చెవులు ఎర్రబడ్డాయి. వాడి తాత నలభై ఏళ్ళు చర్చిలో నిజం సంఘపెద్ద. అయినా ఏం చేస్తాడు పాపం! వాడి చెవులకీ స్కోరు ఉంది. అది వాడి పై ఆఫీసు వేస్తుంది.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున కంపెనీ షెడ్డులో సేఫ్టీ టిఫిను పెట్టారు. అరవై రెండు మంది డ్రైవర్లు. పొడుగు బల్లల మీద వేయించిన సాసేజీలు, రై రొట్టె, కాఫీ. ఓనరు కార్నీలియస్ టోవ్స్ గారు తనే వచ్చారు. టోవ్స్ గారంటే ఆదివారాలు ప్రసంగం కూడా చెప్పే మనిషి. "డ్రైవర్లలో ఈ కెమెరా గురించి అపోహలున్నాయి. నేనే కూర్చుని చూపిస్తాను" అని డెమో సీటులో కూర్చున్నారు. వెనక పెద్ద తెర మీద ఆయన మొహం, పక్కన నూరు మార్కులు.

"ముందు దేవుడికి కృతజ్ఞత చెబుదాం" అన్నారు. తల వంచారు. ఓనరు కదా, మౌనంగా చేయరు, గట్టిగా చేస్తారు. పంటలతో మొదలుపెట్టి వానలకి వచ్చి, మిషనరీలని తలుచుకుని, డీజిలు ధరల దగ్గరికి వచ్చేసరికి...

"మీరు అలసిపోయినట్టు కనిపిస్తున్నారు."

సీటు గజగజ వణికింది. టోవ్స్ గారి గొంతు కూడా గజగజ వణికింది. ఒక కన్ను తెరిచారు. కెమెరా ఊరుకుంది. మూశారు. "దయచేసి వెంటనే విశ్రాంతి తీసుకోండి!" అరవై రెండు మంది డ్రైవర్లు తలలు వంచుకుని ఉన్నారు. ప్రార్థనలో నవ్వకూడదు. భుజాలు కదులుతున్నాయి. హార్వే దగ్గుతున్నట్టు నటించి నిజంగానే పొలమారాడు. ఆ షెడ్డు చరిత్రలో అంత పొట్టి ఆమెన్ ఎవరూ వినలేదు.

తెర మీద స్కోరు యాభై ఎనిమిది.

వెర్నా చేయి చాపింది. చిన్నప్పుడు చర్చి ఆదివారం బడిలో టోవ్స్ గారిదీ ఆమెదీ ఒకే బల్ల. "కార్నీ, తాళాలియ్యి. నిన్ను ఇంట్లో దింపుతాను."

షెడ్డు ఇంక ఆగలేదు.

తర్వాత ఏం జరిగిందో ఊహించండి. కెమెరాలు పీకేశారనుకుంటున్నారా? పిచ్చివాళ్ళలా ఉన్నారే! టోవ్స్ గారు కెమెరా కంపెనీకి ఫోను చేశారు. పదిహేను రోజుల్లో కొత్త బటన్ వచ్చింది. 'మౌన ప్రార్థన'. హ్యాండ్‌బ్రేకు వేసి ఆ బటన్ నొక్కితే పది నిమిషాలదాకా కళ్ళు మూసుకోవచ్చు. కోత లేదు.

గమనించారా? వెర్నా కళ్ళు నాలుగు నెలలు మండాయి. దానికి ఫైల్లో ఉత్తరం. టోవ్స్ గారి కళ్ళు రెండు నిమిషాలు మూతపడ్డాయి. దానికి సాఫ్ట్‌వేరే మారిపోయింది! ఎవడన్నాడండీ మెషీన్లు మారవని? మూతపడాల్సిన కళ్ళు ఎవరివో దానికి తెలియాలి, అంతే.

వెర్నా బటన్ వంక ఒక రోజంతా చూసింది. మర్నాడు బ్రాండన్‌లో బ్రేకు వేసి నొక్కింది. కాపడం పెట్టుకుంది. రెప్పల అంచులు నొక్కి తుడిచింది, చుక్కలు వేసుకుంది. పది నిమిషాలు. ఫోను మోగలేదు. అబద్ధం కాకూడదని ముందుగా రెండు మాటలు ప్రార్థన కూడా చెప్పుకుంది. మొదటి వారం ప్రతిసారీ చెప్పుకుంది. రెండో వారంలో కొన్నిసార్లు మరిచిపోయింది. మూడో వారానికి బటను, వెరెనికె, నిట్టూర్పు, అంతే.

కళ్ళు తేటపడ్డాయి. పొద్దున్నే రెప్పలు వాటంతటవే విడివడుతున్నాయి. వాపు తగ్గి నిండుగా తెరుచుకునేసరికి సంఘపెద్దకి కూడా అనుమానం తగ్గింది. స్కోరు ఎనభై నాలుగు. "తోమితే పోయేదానికి ఇన్నాళ్ళు ఏడిపించారు" అంది డాక్టరమ్మ, రెప్ప తిరగేసి చూస్తూ.

అక్కడితో కథ ఆగితే ఎంత బావుండేది! కానీ మంచిరోజుల్ని చూసి ఓర్వలేనిది ఒకటుంటుంది. దాని పేరు రిపోర్టు.

ఏప్రిల్ సమావేశంలో టోవ్స్ గారు చెమ్మగిల్లిన కళ్ళతో లేచి కాగితం తీశారు. "మన మధ్య ఒక ధన్యురాలుంది. ఆరు వారాల్లో ఈమె డెబ్భై రెండుసార్లు ప్రార్థన చేసింది. ఒక్కోసారి పది నిమిషాలు! నేనైనా అంత చేయలేదు. వెర్నా, ముందుకి రా. కుర్రవాళ్ళకి సాక్ష్యం చెప్పు."

బల్ల మీద చెక్కఫలకం. దాని మీద వెర్నా పేరు. అందరూ చప్పట్లు కొడుతున్నారు.

వెర్నా లేచింది. ఆమె పక్కన కూర్చున్న హార్వే గుసగుసగా, "ఊరికే థాంక్యూ చెప్పి కూర్చో వదినా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. వెర్నాకి అదెంత తేలికో తెలుసు. థాంక్యూ అంటే సీటు ఉంటుంది. అనకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. వరసలు దాటుకుని ముందుకి వెళ్ళింది.

"కార్నీ, సాక్ష్యం అన్నావు కాబట్టి అబద్ధం చెప్పలేను. అందులో ఓ ఇరవై ప్రార్థనలు. తక్కినవి రెప్పలు కడుక్కోవడం."

చప్పట్లు ఆగిపోయాయి.

"బటన్ మీద ప్రార్థన అని రాసి ఉంది కదా వెర్నా!"

"ఉంది. రెప్పలు కడుక్కోవడం అని ఇంకో బటన్ ఉంటే అదే నొక్కేదాన్ని. నేను అడిగాను. ట్రెవర్ ఫైల్లో ఉంది నా డాక్టరు ఉత్తరం, చూడు. నీకైతే పదిహేను రోజుల్లో వచ్చింది బటన్."

టోవ్స్ గారి మొహం మారింది. కోపం కాదు అది. దేవుడి పేరు మీద మోసపోయాననుకున్న మనిషి మొహం. "అలా అయితే అవి... అవి ప్రార్థనలు కానప్పుడు..." అంటూ ట్రెవర్ వంక చూశారు. ట్రెవర్ తల వంచుకుని మీట నొక్కాడు. ప్రార్థనలన్నీ తిరిగి నిద్రలయ్యాయి. తెర మీద ఎనభై నాలుగు కరిగి పంతొమ్మిది అయింది.

"అరవై కింద..." అన్నారు టోవ్స్ గారు. "రూలు నేను పెట్టింది కాదు వెర్నా."

"మరెవరు పెట్టారు?"

టోవ్స్ గారు ట్రెవర్ వంక చూశారు. ట్రెవర్ తెర వంక చూశాడు. తెర వెర్నా వంక చూసింది.

వెర్నా జేబులోంచి తాళాలు తీసి ఆ చెక్కఫలకం మీద పెట్టింది. నడిచి బయటికి వెళ్ళిపోయింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో మొదటిసారి యార్డులోంచి కాలినడకన.

ఇది జరిగి నాలుగు రోజులు. ఆమె బండి యార్డులో ఉంది. ఎక్కించిన అద్దాలు ఎక్కించినట్టే ఉన్నాయి. ఆ సీటులో ఎవర్ని కూర్చోబెట్టాలో టోవ్స్ గారికి తోచడంలేదట. మార్కులు తొంభై తొమ్మిదున్న కుర్రాడొకడు దొరికాడట, వేరే బండిలో రెండు అద్దాలు అప్పుడే పగలగొట్టాడట, రెప్ప వేయకుండా.

చాలు, దండాలు చాలు. నాకూ కళ్ళు మండుతున్నాయి.

కార్నీలియస్ టోవ్స్! కెమెరా మంచిదో చెడ్డదో తర్వాత తేల్చుకుందాం. నిద్రపోయే డ్రైవరుని అది ఆపితే ఆపనీ, మాకూ పిల్లాపాపలున్నారు అదే రోడ్డు మీద. కానీ మేలుకున్న మనిషిని నిద్రపోయిందని అది అంటే, కాదని చెప్పే మనిషి ఒకడు ఉండాలి. పేరున్న మనిషి. సంతకం పెట్టే మనిషి. డాక్టరు ఉత్తరం చదివి, స్కోరు కొట్టేసి, కింద తన పేరు రాసే మనిషి. ఆ పని నీదే, నువ్వే కంపెనీవి. ఆ ఉత్తరం సోమవారంలోపు ఫైల్లోంచి బయటికి రావాలి. సోమవారం పొద్దున ఆరింటికి ఆ తాళాలు నువ్వే పట్టుకెళ్ళి వెర్నా రైమర్ ఇంటి తలుపు తట్టాలి. ట్రెవర్‌ని పంపకు.

ఇక డ్రైవర్లారా, ఆ రోజు భుజాలు కదిలించి ఊరుకున్న అరవై ఒక్కరు, మీతో! సోమవారం ఆరింటికి యార్డుకి రండి. బళ్ళెక్కండి. ఇంజన్లు ఆన్ చేయండి. హ్యాండ్‌బ్రేకు వేయండి. ఏ బటనూ నొక్కకండి. అందరూ ఒక్కసారే కళ్ళు మూసుకోండి. సీట్లు వణకనివ్వండి, ఆడగొంతుల్ని అరవనివ్వండి, స్కోర్లు సున్నాకి పోనివ్వండి. వెర్నా తన బండి ఎక్కి తలుపు వేసుకున్న చప్పుడు వినపడేదాకా ఒక్కడూ రెప్ప ఎత్తకూడదు!